మూడు మిగలదు

మా పోలమ్మ పిన్నిదొక పిచ్చి.
పెదజాలరిపేట ఇసుకలో పాత వల పరిచి
కానాగంతల్ని నలుచదరంగానే ఆరబెట్టేది.
ఎన్ని వరసలో, వరసకి అన్నే.
రోజూ రెండు చదరాలు,
ఒకటి అప్పుకి, ఒకటి కూటికి.
వరసలెన్నో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఎత్తేటప్పుడు మాత్రం పుంజీల లెక్క,
వేళ్ళ సందుల్లో నాలుగు తోకలు, గంపలోకి ఒక్క విసురు.

ఆమె కుడిచెయ్యి బెణికిన వారం
చేపలు లోకనాథమే ఎత్తుకున్నాడు.
గుమ్మంలో నిలబడి చెప్పాడు:
"పదకొండు పుంజీలు, పైన మూడు."

నేను తొమ్మిదో తరగతి. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే
"మూడు మిగలదు" అన్నాను.
"నువ్వు చూశావా?"
"చూడలేదు."
"మరి?"
"చూడక్కర్లేదు."

చింతపిక్కలు గచ్చు మీద పోశాను.
సరి వరసల చదరమైతే
రెండడ్డం రెండు నిలువు చొప్పున కోసుకుంటూ పో,
ప్రతి ముక్కా పుంజీయే, ఏమీ మిగలదు.
బేసి వరసలదైతే
ఒక అంచు వరస, ఒక అంచు నిలువు పక్కకి తియ్యి.
లోపలిది సరి చదరం, దాని సంగతి అయిపోయింది.
అంచుల్లో మూల చేపని వదిలేస్తే
ఇటెన్నో అటూ అన్నే, రెండూ సరిసంఖ్యలే.
ఇటో జత, అటో జత, పుంజీ.
మూలన ఒంటరిగా ఒకటి.
ఐదు వరసలు పరువు, తొంభై తొమ్మిది పరువు,
రుషికొండ దాకా పరుచుకుంటూ పో,
మూలన ఆ ఒక్కటే.

ఒక చదరం సున్నా మిగులుస్తుంది, లేదా ఒకటి.
రెండు చదరాలు కలిస్తే సున్నా, ఒకటి, రెండు.
మూడు ఎక్కణ్ణించి తెచ్చావు?

"ఓలమ్మ! నిజివేనే గుంటా" అంది పిన్ని.
"ఎన్ని తగ్గాయేటి?"
అది నాకు తెలీదు.
మూడు అబద్ధమని తెలుసు. నిజమేదో శేషం చెప్పదు.
ఆ మాట నేను ఒప్పుకునేలోపే
లోకనాథం సంచిలోంచి మూడు చేపలు తీసి
కాకుల్ని తిడుతూ గంపలో పడేశాడు.

మర్నాడు తెలివిమీరాడు.
"పదకొండు పుంజీలు, పైన రెండు."
నా వైపు చూసి, "ఇప్పుడేమంటావు?"

ఏమీ అనలేను. రెండు రావచ్చు.
పుంజీకి పుంజీ తీసేసినా శేషం కదలదు.
నా రుజువు కట్టేసిన పడవలా ఊరుకుంది.
"పొద్దున్నే డబ్బిస్తాను" అని గంప అక్కడే ఉంచి వెళ్ళాడు.

ఆ రాత్రి నిద్ర లేదు.
డాల్ఫిన్స్ నోస్ దీపం తిరుగుతోంది,
గోడ మీద వెలుగు, చీకటి, వెలుగు.
బేసి చదరంలో పుంజీలెన్ని?
అంచు వరసలో జతలెన్నో, అన్నిసార్లు
ఆ జతల కంటే ఒకటి ఎక్కువ.
రెండూ పక్కపక్క సంఖ్యలు,
వెలుగూ చీకటీ లాగే. ఒకటి సరి అయితీరాలి.
అంటే పుంజీలు కూడా జతలుగానే ఉంటాయి!

పిన్నిని లేపాను.
"రెండేసి పుంజీలు లెక్కపెట్టు."
ఎనిమిదేసి తీస్తే బేసి చదరం ఒకటే మిగులుస్తుంది,
సరి చదరం సున్నా, లేదా నాలుగు.
కలుపుకో ఎలాగైనా. సున్నా, ఒకటి, రెండు, నాలుగు, ఐదు.
గంపలో ఐదు ఎనిమిదులు పోను
ఆరు ఉన్నాయి.
ఆరు ఎప్పటికీ రాదు.

పొద్దున్న లోకనాథం ఈసారి కాకుల్ని తిట్టలేదు.
పుంజీ తెచ్చి గంపలో పెట్టి
చింతపిక్కల కేసి చాలాసేపు చూశాడు.

"రేపు ఎనిమిది తీస్తాడు" అంది పిన్ని.
"తీస్తాడు" అన్నాను.

అమ్మకానికి పన్నెండు పుంజీలు కట్టి
మూలల్లో మిగిలిన రెంటినీ నిప్పుల మీద వేసింది.
"అప్పుకి శేషం ఉండకూడదంటారు గానీ
సేపకుండాలే" అంటూ
పెద్దది నా వైపు తోసింది.